దామలచెరువు మండీ కంప్యూటర్‌ను తిరుపతి నుంచి తెరవాలంటే

మీరు రాసిందాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది. దామలచెరువులో మీ మామయ్య మామిడి మండీ, అక్కడి కంప్యూటర్లో ట్యాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్, రైతులకిచ్చే లెక్క చీటీలు, అంటే పట్టీలు. మీరుండేది తిరుపతి కొర్లగుంటలో. పాత ఫోన్ లైన్ బ్రాడ్‌బ్యాండ్ ఉన్నన్నాళ్లు గుమాస్తాకు ఫోన్ చేసి, ఆ రోజు ఐపీ నంబరు, అంటే ఇంటర్నెట్‌లో మండీ చిరునామా, చెప్పించుకుని, విండోస్‌లోని రిమోట్ డెస్క్‌టాప్‌లో కొట్టి లోపలికి వెళ్లేవారు. రోజూ ఈ తలనొప్పి ఎందుకని డీడీఎన్ఎస్ పేరు ఒకటి, అంటే ఐపీ మారినా మారని పేరు, పెట్టుకున్నారు. ఈలోపు మండీకి ఫైబర్ వచ్చింది. అప్పట్నుంచి పేరు కొట్టినా, నంబరు కొట్టినా కనెక్ట్ కావట్లేదు. రౌటర్లో 3389 పోర్టు, అంటే రిమోట్ డెస్క్‌టాప్ వాడే తలుపు, తెరిచే ఉంది. ఆపరేటర్ స్టాటిక్ ఐపీ, అంటే ఎప్పటికీ మారని నంబరు, తీసుకోమంటున్నాడు, తీసుకోవాలా అని మీ ప్రశ్న. కెమెరాల రికార్డింగ్ పెట్టె, అదే డీవీఆర్, సంగతి కూడా అడిగారు, దానికి చివర్లో వస్తాను.

స్టాటిక్ ఐపీ ఇప్పుడే తీసుకోవద్దు. ముందు ఆ 3389 పోర్టు మూసేయండి, ఎందుకో కింద చెబుతాను. ఐపీ మారుతుండటమే మీకు పెద్ద సమస్యలా కనిపిస్తోంది గానీ, దానికి మందు డీడీఎన్ఎస్ రూపంలో ఎప్పుడో దొరికింది. ఫైబర్‌తో వచ్చిన చిక్కు వేరు. అదేంటో తేల్చుకోకుండా ఏ సాఫ్ట్‌వేర్ వేసినా, ఎంత డబ్బు కట్టినా దండగే. నేను తిరుపతిలో లాడ్జీలకు, చిన్న ఆఫీసులకు నెట్‌వర్క్ పనులు చేస్తుంటాను. ఈ మధ్య ‘రిమోట్ పనిచేయట్లేదు’ అని వచ్చే ఫోన్లలో ఎక్కువ భాగం ఇదే బాపతు.

గుమాస్తా చేత మండీ కంప్యూటర్లో బ్రౌజర్ తెరిపించి 192.168.1.1 కొట్టమనండి. కొన్ని ఫైబర్ పెట్టెలకు అది 192.168.0.1 గానీ 192.168.100.1 గానీ అవుతుంది. పెట్టె అడుగున ఉన్న స్టిక్కర్ మీద రాసి ఉంటుంది, యూజర్ నేమ్, పాస్‌వర్డ్ కూడా మామూలుగా అక్కడే ఉంటాయి. లోపలికి వెళ్లాక స్టేటస్ పేజీలో డబ్ల్యూఏఎన్ (WAN, బయటి నెట్ వైపు) అనే వరుస, దాని పక్కన ఒక ఐపీ నంబరు కనిపిస్తుంది. దాన్ని ఫోన్‌తో ఫొటో తీసి పంపమనండి. తర్వాత అదే కంప్యూటర్లో గూగుల్ తెరిచి ‘వాట్ ఈజ్ మై ఐపీ’ అని కొట్టి, అక్కడ వచ్చిన నంబరు కూడా పంపమనండి. బయటి ప్రపంచానికి మీ మండీ ఏ నంబరుతో కనిపిస్తోందో ఆ రెండోది చెబుతుంది.

రెండూ ఒకటే అయితే మీకు పబ్లిక్ ఐపీ, అంటే బయట్నుంచి నేరుగా చేరగలిగే సొంత నంబరు, ఉన్నట్టు. అప్పుడు మీ డీడీఎన్ఎస్ పనిచేయాలి, తప్పు ఇంకెక్కడో ఉంది. రెండూ వేరైతే, అందులోనూ పెట్టెలో కనిపించేది 100.64 నుంచి 100.127 మధ్యలో ఉంటే, మీరు సీజీనాట్ వెనక, అంటే ఆపరేటర్ ఒకే పబ్లిక్ నంబరును చాలామందికి పంచే ఏర్పాటు వెనక, ఉన్నారు. కొంతమంది కేబుల్ ఆపరేటర్లు 10తో మొదలయ్యే నంబరు ఇస్తారు, ఫలితం అదే. ఒకవేళ 192.168తో మొదలైతే కంగారు పడకండి. ఆపరేటర్ పెట్టె వెనక ఎవరో ఇంకో వైఫై రౌటర్ తగిలించారని అర్థం, మీరు చూస్తున్నది ఆ రెండో రౌటర్ పేజీ. అసలు పెట్టె పేజీలోకి వెళ్లి చూడండి. నేనైతే 100 మీదే పందెం కాస్తాను.

ఈ సీజీనాట్ ఎందుకొచ్చిందో రెండు మాటల్లో. పాత పద్ధతి ఐపీ నంబర్లు, అంటే ఐపీవీ4, మొత్తం దాదాపు 429 కోట్లు. ప్రపంచంలో ఇన్ని ఫోన్లు, కంప్యూటర్లు, కెమెరాలు, టీవీలు వస్తాయని 1980ల్లో ఎవరూ లెక్కేయలేదు. మన ఆసియా ప్రాంతానికి నంబర్లు పంచే ఏపీనిక్ సంస్థ 2011 ఏప్రిల్ 15న తన చివరి పెద్ద బ్లాక్‌లోకి వచ్చేసింది. ఆ తర్వాత నుంచి రేషన్ లెక్కన ఇవ్వడమే. 2012లో 100.64 నుంచి మొదలయ్యే దాదాపు 42 లక్షల నంబర్లను ప్రత్యేకంగా ఇంటర్నెట్ కంపెనీల లోపలి వాడకానికి కేటాయించారు. ఒక్క పబ్లిక్ నంబరు వెనక చాలా ఇళ్లను కలిపి కూర్చోబెట్టడానికి. ఆలస్యంగా వ్యాపారంలోకి దిగిన ఆపరేటర్ల దగ్గర పబ్లిక్ నంబర్లు తక్కువ, కాబట్టి చిన్న ఊళ్ల ఫైబర్ కనెక్షన్లలో ఇది మామూలైపోయింది. ఇందులో మోసమేమీ లేదు. సినిమాలు చూసేవాళ్లకు, ఫోన్‌పే వాడేవాళ్లకు తేడానే తెలియదు. బయట్నుంచి లోపలికి రావాలనుకునే మీలాంటివాళ్లకే ఇబ్బంది.

మన లాడ్జీతో పోలిస్తే తేలిగ్గా అర్థమవుతుంది. రౌటర్ అంటే రిసెప్షన్. పోర్ట్ ఫార్వర్డింగ్ అంటే ‘3389 అని ఎవరైనా వస్తే 204వ గదికి పంపండి’ అని రిసెప్షన్‌లో చెప్పి ఉంచడం. మీరు ఆ పని చేశారు, సరిగ్గానే చేశారు. కాకపోతే ఇప్పుడు మీ లాడ్జీ మొత్తం ఒక పెద్ద కాంపౌండ్ లోపల పడింది. వచ్చినవాణ్ణి మెయిన్ గేటు వాచ్‌మన్ ఆపేస్తున్నాడు. అతనికి మీ రిసెప్షన్‌లో చెప్పిన మాట తెలియదు, తెలియజెప్పే అధికారం మీకు లేదు.

డీడీఎన్ఎస్ ఎందుకు పనిచేయట్లేదో కూడా దీన్నిబట్టే తెలుస్తుంది. డీడీఎన్ఎస్ చేసే పని చాలా చిన్నది. మీ రౌటర్లోనో కంప్యూటర్లోనో ఉన్న ఓ ముక్క ప్రోగ్రాం ‘ఇప్పుడు నా నంబరు ఇది’ అని సర్వర్‌కు చెబుతుంటుంది, సర్వర్ మీ పేరు ఎదురుగా ఆ నంబరు మారుస్తుంది. మండీలో కరెంటు పోయి పెట్టె మళ్లీ ఆన్ అయినప్పుడల్లా కొత్త నంబరు రావచ్చు. పేరు మాత్రం మారదు. పాత కనెక్షన్‌లో మీకు అంతే కావాలి. ఇప్పుడు మీ పేరు చూపించేది ఆ మెయిన్ గేటు నంబరు. మీ పెట్టె లోపలి 100 నంబరును చూపించినా అది బయట ఎవరికీ పనికిరాదు. కాబట్టి ఇలాంటి పేర్లు ఇచ్చే సేవల్లో డక్ డీఎన్ఎస్ తీసి నో-ఐపీ పెట్టినా, నో-ఐపీ తీసి ఇంకోటి పెట్టినా తేడా ఉండదు.

ఇక దారి ఏమిటంటే, దిక్కు మార్చడం. బయట్నుంచి మీరు మండీలోకి వెళ్లే ప్రయత్నం మానేసి, మండీ కంప్యూటరే బయటకు వచ్చి మిమ్మల్ని కలిసేలా చేయాలి. బయటికి వెళ్లే ట్రాఫిక్‌ను సీజీనాట్ ఆపదు, ఆపితే యూట్యూబ్ కూడా రాదు. ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్, క్రోమ్ రిమోట్ డెస్క్‌టాప్, రస్ట్‌డెస్క్ అన్నీ ఈ కిటుకు మీదే నడుస్తాయి. రెండు కంప్యూటర్లూ లోపల్నుంచి బయటికి వెళ్లి మధ్యలో ఒక సర్వర్‌కు తగులుకుంటాయి, అది ఇద్దరినీ కలుపుతుంది. ఐపీ ఏదైనా వాటికి అక్కర్లేదు, ఐడీ ఉంటే చాలు.

మీ అవసరానికి నేను చెప్పేది టెయిల్‌స్కేల్. ఇది స్క్రీన్ చూపించే సాఫ్ట్‌వేర్ కాదు, వైర్‌గార్డ్ అనే వీపీఎన్ పద్ధతి మీద కట్టిన ప్రైవేట్ నెట్‌వర్క్. మండీ కంప్యూటర్లో, మీ ల్యాప్‌టాప్‌లో, ఫోన్‌లో వేసి ఒకే అకౌంట్‌తో లాగిన్ అయితే, మూడూ ఒకే గదిలో ఉన్నట్టు ఒకదానికొకటి కనిపిస్తాయి. ప్రతి మెషీన్‌కూ ఒక స్థిరమైన నంబరు ఇస్తుంది. మండీ పెట్టె ఐపీ రోజుకు పదిసార్లు మారినా ఈ నంబరు అలాగే ఉంటుంది. విచిత్రంగా ఇది కూడా 100తోనే మొదలవుతుంది, ఎందుకంటే టెయిల్‌స్కేల్ వాడేది కూడా ఆ 2012 నాటి బ్లాక్‌నే. పెట్టె స్టేటస్ పేజీలోని 100 నంబరు, టెయిల్‌స్కేల్ ఇచ్చిన 100 నంబరు రెండూ వేరు, కలిపేసుకోకండి. నంబరు గుర్తుపెట్టుకోవడం ఇష్టం లేకపోతే మెషీన్ పేరుతోనే పిలవొచ్చు. చిన్న వాడకానికి ఉచిత ప్లాన్ ఉంది, షరతులు అప్పుడప్పుడూ మారుస్తుంటారు కాబట్టి వేసుకునే రోజు వాళ్ల ప్లాన్ల పేజీ ఒకసారి చూడండి. ఇది వద్దనుకుంటే జీరోటైర్, నెట్‌బర్డ్ ఉన్నాయి, పని దాదాపు అదే.

వేయడం పది నిమిషాల పని. తర్వాత మార్చాల్సిన రెండు సెట్టింగులే అందరూ వదిలేస్తారు. విండోస్‌లో టెయిల్‌స్కేల్ మామూలుగా, మనిషి లాగిన్ అయ్యాకే కనెక్ట్ అవుతుంది. కరెంటు పోయి కంప్యూటర్ మళ్లీ ఆన్ అయింది, లాగిన్ స్క్రీన్ దగ్గర ఆగింది, గుమాస్తా టీకి వెళ్లాడు. మీకు కంప్యూటర్ కనిపించదు. గడియారం పక్కన ఉండే దాని ఐకాన్ మీద రైట్ క్లిక్ కొట్టి, ప్రిఫరెన్సెస్‌లో ‘రన్ అనటెండెడ్’ టిక్ పెట్టండి. అప్పుడు ఎవరూ లాగిన్ కాకపోయినా కనెక్ట్ అయి ఉంటుంది.

రెండోది మీకు మరీ ముఖ్యం. భద్రత కోసం టెయిల్‌స్కేల్‌లో ప్రతి మెషీన్ తాళంచెవికి (కీ) 180 రోజులకు కాలం చెల్లుతుంది, మళ్లీ లాగిన్ అవ్వమంటుంది. మీ మండీ నడిచేదేమో తోతాపురి దిగే మే నుంచి జూలై వరకు. మేలో పెట్టుకున్నారనుకోండి, నవంబర్‌లో అది చప్పుడు లేకుండా ఆగిపోతుంది, అప్పుడు మీరు చూడరు. మళ్లీ మేలో లోడ్లు మొదలైన రోజు తెరిస్తే రాదు. టెయిల్‌స్కేల్ వెబ్ పేజీలో మెషీన్ల జాబితా ఉంటుంది, మండీ కంప్యూటర్ ఎదురుగా ఉన్న మూడు చుక్కలు నొక్కి ‘డిజేబుల్ కీ ఎక్స్‌పైరీ’ కొట్టండి. మీ ల్యాప్‌టాప్‌కు, ఫోన్‌కు మాత్రం అలా చేయొద్దు. అవి పోగొట్టుకునే వస్తువులు. లాగిన్‌కు వాడే గూగుల్ అకౌంట్ మీదే అయ్యుండాలి, టూ స్టెప్ వెరిఫికేషన్ ఉండాలి. మండీ పేరుతో అందరికీ పాస్‌వర్డ్ తెలిసిన జీమెయిల్ ఒకటి ఉంటుంది చూడండి, అది వాడొద్దు.

ఇప్పుడు స్క్రీన్ సంగతి. మండీ కంప్యూటర్లో విండోస్ ప్రో ఉంటేనే రిమోట్ డెస్క్‌టాప్‌తో దాన్లోకి వెళ్లగలరు. హోమ్ ఎడిషన్ నుంచి వేరే కంప్యూటర్లోకి వెళ్లొచ్చు గానీ, దాన్లోకి ఎవరూ రాలేరు. మీరు ముందు వాడారంటున్నారు కాబట్టి ప్రో అయ్యుండాలి. మధ్యలో ఎవరైనా ఫార్మాట్ కొట్టి హోమ్ వేశారేమో ఒకసారి చూసుకోండి. సెట్టింగ్స్‌లో సిస్టం, అబౌట్ దగ్గర రాసి ఉంటుంది. అకౌంట్‌కు పాస్‌వర్డ్ తప్పనిసరి. పాస్‌వర్డ్ లేని అకౌంట్‌ను నెట్‌వర్క్ మీద నుంచి విండోస్ రానివ్వదు. నాలుగంకెల పిన్ కూడా ఇక్కడ చెల్లదు, అసలు పాస్‌వర్డే కొట్టాలి.

రిమోట్ డెస్క్‌టాప్‌తో ఒక పేచీ ఉంది, దాన్ని మీరు ఇప్పటికే చూసి ఉంటారు. మీరు లోపలికి వెళ్లగానే అక్కడి స్క్రీన్ లాక్ అయిపోతుంది. మామూలు విండోస్‌లో ఒకసారి ఒకరికే చోటు. జూన్‌లో ట్రాక్టర్లు వరసకట్టి నిలబడ్డప్పుడు, గుమాస్తా కాటా చీటీ చూసి పట్టీ కొడుతుంటే మధ్యలో మీరు దూరారనుకోండి, అతని ముందు లాగిన్ స్క్రీన్ వస్తుంది. అతను పాస్‌వర్డ్ కొడితే మీరు బయటపడతారు. ఇద్దరూ తిట్టుకుంటారు. పగటిపూట అతను పని చేస్తుండగా చూడాలంటే రస్ట్‌డెస్క్ లాంటిది వాడండి, ఇద్దరికీ ఒకే స్క్రీన్ కనిపిస్తుంది. రాత్రి మండీ మూశాక మీరొక్కరే కూర్చుని లెక్కలు చూసుకోవాలంటే రిమోట్ డెస్క్‌టాప్ హాయి, స్క్రీన్ తేటగా ఉంటుంది, నెట్ నెమ్మదిగా ఉన్నా లాక్కొస్తుంది. రెండూ పెట్టుకోండి. ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్ ఉచిత వెర్షన్లు సొంత వాడకానికే. మండీ వ్యాపారం కాబట్టి ఎప్పుడో ఒకరోజు వాణిజ్య వాడకం అని పట్టుకుని ఆపేస్తాయి, అదీ సీజన్ మధ్యలోనే జరుగుతుంది.

ట్యాలీ డేటా ఫోల్డర్‌ను షేర్ చేసి, మీ ల్యాప్‌టాప్‌లోని ట్యాలీతో దూరం నుంచి తెరుద్దామనే ఆలోచన కూడా కొందరికి వస్తుంది. టెయిల్‌స్కేల్ ఉంటే అది సాధ్యమే. కానీ చేయొద్దు. ట్యాలీ చిన్నచిన్న ముక్కలుగా చదువుతూ రాస్తూ ఉంటుంది, మధ్యలో నెట్ తెగితే డేటా పాడయ్యే ప్రమాదం ఉంది, తెగకపోయినా తాబేలులా నడుస్తుంది. ప్రోగ్రాం డేటా ఉన్నచోటే నడవాలి, మీకు స్క్రీన్ మాత్రమే రావాలి. మామయ్యకు ఫోన్‌లో బాకీలు, స్టాక్ చూసుకుంటే చాలనుకుంటే ట్యాలీప్రైమ్‌లో బ్రౌజర్ రిపోర్టుల సౌకర్యం ఉంది. లైసెన్స్ చందా కట్టి ఉండాలి, మండీలో ట్యాలీ తెరిచి ఉండాలి. చూడటానికే తప్ప ఎంట్రీలు కొట్టడానికి అంతగా అక్కరకు రాదు.

3389 మూసేయమన్నాను కదా, అది ఎందుకో ఇప్పుడు. 2013లో మిషిగన్ యూనివర్సిటీ వాళ్లు జీమ్యాప్ అనే పనిముట్టు తయారుచేసి, ఒక్క కంప్యూటర్‌తో, ఒక గిగాబిట్ లైన్ మీద, మొత్తం ఐపీవీ4 ప్రపంచంలో ఒక పోర్టు ఎక్కడెక్కడ తెరిచి ఉందో 45 నిమిషాల్లోపే చూడొచ్చని చేసి చూపించారు. పుష్కరం దాటిన మాట ఇది. కాబట్టి ‘దామలచెరువు మండీ కంప్యూటర్‌తో ఎవడికేం పని’ అనుకోవడానికి లేదు. వాళ్లు మిమ్మల్ని వెతకట్లేదు, తెరిచి ఉన్న ప్రతి తలుపూ తడుతున్నారు. ఐపీ మారినా దొరికిపోతారు. 3389 తీసి 33890 పెట్టినా దొరికిపోతారు. 2019 మేలో బ్లూకీప్ అనే లొసుగు బయటపడ్డప్పుడు, పాస్‌వర్డ్ అవసరం లేకుండానే రిమోట్ డెస్క్‌టాప్ గుండా లోపలికి రావొచ్చని తేలింది. మైక్రోసాఫ్ట్ అప్పటికే వదిలేసిన విండోస్ ఎక్స్‌పీకి కూడా ప్యాచ్ ఇవ్వాల్సి వచ్చిందంటే ఎంత భయపడ్డారో చూడండి. రాన్సమ్‌వేర్ వాళ్లకు ఇది ఇష్టమైన దారి. రాత్రి లోపలికి దూరి, ట్యాలీ డేటాకు తాళం వేసి, పొద్దున్నే డబ్బు అడుగుతారు.

నమ్మకం కుదరకపోతే మండీ కంప్యూటర్లో ఈవెంట్ వ్యూయర్ తెరిచి, విండోస్ లాగ్స్‌లో సెక్యూరిటీ కింద 4625 అనే నంబరుతో వడకట్టి చూడండి. విఫలమైన లాగిన్లన్నీ అక్కడుంటాయి. పాత కనెక్షన్ నాటి లాగ్ చెరిగిపోకుండా ఉంటే అడ్మినిస్ట్రేటర్, అడ్మిన్, టెస్ట్, యూజర్ అనే పేర్లతో మీకు తెలియని ఊళ్ల నుంచి తలుపు తట్టిన జాబితా పేజీలకు పేజీలు కనిపించే అవకాశం ఉంది. ఇప్పుడు సీజీనాట్ వల్ల అనుకోకుండా మీకు మేలే జరిగింది, ఆ తలుపు బయటివాళ్లకు కనిపించడం మానేసింది. స్టాటిక్ ఐపీ తీసుకున్న మరుక్షణం మళ్లీ కనిపిస్తుంది. అందుకే పోర్టు మూయకుండా స్టాటిక్ ఐపీ జోలికి పోవద్దన్నది.

ఇలాంటి సాఫ్ట్‌వేర్లతో ఇంకో రకం ప్రమాదం ఉంది, అది మనుషుల వల్ల. 2019 ఫిబ్రవరిలో ఎనీడెస్క్ ద్వారా ఖాతాలు ఖాళీ చేస్తున్నారని ఆర్‌బీఐ బ్యాంకులను హెచ్చరించింది. బ్యాంకు నుంచి అని ఎవరో ఫోన్ చేసి, స్క్రీన్ మీదున్న తొమ్మిదంకెలు చదవమంటారు. గుమాస్తాకు ఒక్క మాట గట్టిగా చెప్పి పెట్టండి: ఐడీ గానీ, ఓటీపీ గానీ మీకు తప్ప ఎవరికీ చెప్పకూడదు, మీరు అడిగినా వాట్సాప్ మెసేజ్‌లో కాదు, గొంతు విన్నాకే.

ఒకవేళ స్టేటస్ పేజీ నంబరూ, గూగుల్‌లో వచ్చిన నంబరూ ఒకటే అయ్యాయనుకోండి, అంటే నా పందెం ఓడిపోయింది. అప్పుడు పాత డీడీఎన్ఎస్ దారి తెరిచే ఉంది. అయినా 3389 తెరవొద్దు. వైర్‌గార్డ్ పెట్టుకుని దానికి యూడీపీ 51820 పోర్టు ఒక్కటే తెరవండి. సరైన తాళంచెవి లేనివాడికి వైర్‌గార్డ్ అసలు జవాబే ఇవ్వదు, స్కాన్ చేసేవాడికి అక్కడేమీ లేనట్టే ఉంటుంది. మండీ కంప్యూటర్‌కు రౌటర్లో డీహెచ్‌సీపీ రిజర్వేషన్ పెట్టి లోపలి నంబరు మారకుండా చూసుకోండి. చాలాసార్లు బయటి ఐపీ మీద నెపం వేస్తాం గానీ, మారింది లోపలి 192.168 నంబరు అయ్యుంటుంది, రౌటరేమో పాత నంబరుకే పంపుతూ ఉంటుంది. నో-ఐపీ ఉచిత పేరైతే 30 రోజులకోసారి వాళ్ల మెయిల్‌లో నొక్కి ఖాయం చేయాలి, లేకపోతే పేరు పోతుంది. ఇంకోటి, మండీ వైఫైలోనే కూర్చుని మీ డీడీఎన్ఎస్ పేరు కొట్టి పనిచేయలేదని అనుకోవద్దు. చాలా పెట్టెలు బయటికెళ్లి అదే గుమ్మంలోంచి తిరిగి వచ్చే దారి ఇవ్వవు. ఫోన్‌లో వైఫై ఆపి మొబైల్ డేటాతో పరీక్షించండి.

కొత్త పద్ధతి ఐపీ నంబర్లు, అంటే ఐపీవీ6, సంగతి కూడా కొందరు ఎత్తుతారు. అందులో నంబర్లకు కొదవ లేదు, ప్రతి కంప్యూటర్‌కూ సొంత పబ్లిక్ నంబరు వస్తుంది, మన దేశంలో మొబైల్ నెట్ చాలావరకు దాని మీదే నడుస్తోంది. కానీ రెండు వైపులా ఉండాలి, ఆ నంబరు కూడా మారుతుంది, పెట్టెలోని ఫైర్‌వాల్‌ను సరిగా తెరవాలి. మీ మండీకి ఆ శ్రమ అక్కర్లేదు. రెండు వైపులా ఐపీవీ6 ఉంటే టెయిల్‌స్కేల్ తనంతట తానే వాడుకుంటుంది. ఎటూ నేరుగా దారి దొరక్కపోతే మధ్యలో రిలే సర్వర్ గుండా పంపుతుంది, కొంచెం నెమ్మదిస్తుంది, ఎన్‌క్రిప్షన్ మాత్రం అలాగే ఉంటుంది, రిలే వాళ్లు కూడా లోపల ఏముందో చూడలేరు.

ఇంత చేసినా సీజన్లో మీకు వచ్చే ఫోన్లు నెట్‌వర్క్ గురించి ఉండవు, కరెంటు గురించి ఉంటాయి. మండీ మూసేటప్పుడు మెయిన్ స్విచ్ ఆపేసి తాళం వేసే అలవాటుంటే, రాత్రి మీరు లెక్కలు చూడలేరు. కంప్యూటర్‌కు, ఫైబర్ పెట్టెకు ఒక్క లైను విడిగా వదిలేయమని ఎలక్ట్రీషియన్‌తో చెప్పించండి. ఫైబర్ పెట్టెకు 12 వోల్టుల చిన్న యూపీఎస్ దొరుకుతుంది, కొనే ముందు పెట్టె అడాప్టర్ మీద 12 అనే ఉందో లేదో చూసుకోండి. కంప్యూటర్ బయోస్‌లో ‘రీస్టోర్ ఆన్ ఏసీ పవర్ లాస్’ అనో దానికి దగ్గరి పేరుతోనో ఒక సెట్టింగ్ ఉంటుంది, దాన్ని ‘పవర్ ఆన్’ చేయండి. కరెంటు రాగానే ఎవరూ బటన్ నొక్కకుండా కంప్యూటర్ లేస్తుంది. విండోస్ పవర్ సెట్టింగ్స్‌లో స్లీప్‌ను ‘నెవర్’ చేయండి. మానిటర్ ఆగిపోయినా పర్లేదు. మండీలో ఇంకా విండోస్ 10 ఉంటే, దానికి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. కంప్యూటర్ తట్టుకుంటే 11కు మార్చేయండి. ట్యాలీ బ్యాకప్ ఏదో ఒక పెన్‌డ్రైవ్‌లోకి రోజూ వెళ్లి, ఆ పెన్‌డ్రైవ్ పీకి బీరువాలో పెడితే నాకూ టెన్షన్ ఉండదు.

స్టాటిక్ ఐపీ ఎవరికి కావాలంటే, బయటివాళ్లు నేరుగా రావాల్సిన సర్వర్ నడిపేవాళ్లకు, ఐపీ చూసి అనుమతించే బ్యాంకు పోర్టల్ లాంటివి వాడే ఆఫీసులకు. మీకు అవి లేవు. ఆపరేటర్ తప్పు చెప్పాడని కాదు, అతనికి తెలిసిన మందు అదే, నెలనెలా అతనికి ఆదాయం కూడా.

ఇక డీవీఆర్. దాన్లో టెయిల్‌స్కేల్ వేయడం కుదరదు. మండీ కంప్యూటర్‌నే ‘సబ్‌నెట్ రౌటర్’గా పెడితే, దాని గుండా మండీ లోపలి నెట్‌వర్క్ మొత్తం మీకు కనిపిస్తుంది, కెమెరాల యాప్‌లో డీవీఆర్ లోపలి నంబరు కొట్టుకుంటే సరిపోతుంది. టెయిల్‌స్కేల్ సహాయ పేజీల్లో ఆ పేరుతోనే వివరంగా ఉంది, కంప్యూటర్లో ఒక లైను కమాండ్ కొట్టి, వెబ్ పేజీలో దానికి ఆమోదం తెలపాలి. ఆమోదం మరిచిపోతే ఏమీ కనిపించదు. ఇక్కడ మీకు తగలబోయే చిక్కు ఒకటుంది: కొర్లగుంటలో మీ ఇంటి వైఫై కూడా 192.168.1 అయితే, మండీలోనూ అదే ఉంటే, మీ ల్యాప్‌టాప్‌కు ఏది ఇల్లో ఏది మండీయో తెలియదు. ఈసారి దామలచెరువు వెళ్లినప్పుడు మండీ రౌటర్లో ల్యాన్ (లోపలి నెట్‌వర్క్) నంబరును 192.168.57.1 లాంటి ఎవరూ వాడనిదానికి మార్చేయండి. అది మార్చాక డీవీఆర్‌కూ, బిల్లు ప్రింటర్‌కూ చేత్తో ఇచ్చిన పాత నంబర్లుంటే అవి పనిచేయవు, వాటినీ కొత్త వరుసలోకి మార్చాలి. కాబట్టి ఈ పని లోడ్లు దిగే పొద్దుటి పూట పెట్టుకోకుండా మధ్యాహ్నం మండీ ఖాళీ అయ్యాక మొదలుపెట్టండి. స్టేటస్ పేజీ ఫొటో వచ్చాక ఇక్కడ పెట్టండి, నంబరులో చివరి రెండు భాగాలు చెరిపేసి.